కోర్టు ఖర్చు ఎవరి మీద పడ్తది? కుదువ భూమి ఉన్న ప్రతి ఇంటికి కొన్ని మాటలు

(ఇబ్రహీంపట్నంలో మన యువకుల కూడికలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగినందుకు కొంచెం సాపు చేసి, అక్కడ వచ్చిన ప్రశ్నలకు జవాబులు కలిపి పెడుతున్న.)



జల్, జంగల్, జమీన్ అని మనం చాన సార్లు నినాదమిచ్చినం. ఈ రోజు నేను జమీన్ గురించే మాట్లాడుత. కాకపోతే నినాదం తీరుగ కాదు, బాకీల బుక్కు ముందల పెట్టుకొని మాట్లాడినట్టు మాట్లాడుత. కొంచెం ఓపిక పట్టాలె.

మన దిక్కు భూమి కుదువకు పోయే దారులు అందరికీ తెల్సినవే. ఆడబిడ్డ పెండ్లి, దవాఖాన బిల్లు, బోరు, పసుపు పెట్టుబడి. వీటన్నిటికన్న పెద్దది గల్ఫ్ వీసా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికైనా పోయి, ఏజెంటుకు కట్టిన పైసలు ఎక్కడివి అని అడగండి. చానామంది భూమి దిక్కే చెయ్యి చూపెడతరు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్ల మూతపడ్డంక చెరుకు వేసే ఇంటికి ఆ ఆసరా కూడా పోయింది.

అప్పు తీసుకునేటప్పుడు మనం రెండు అడుగుతం. అసలెంత? మిత్తెంత? మూడోది ఒకటున్నది, దాన్ని ఎవ్వరం అడగం. రేపు తకరారు వస్తే, కోర్టుకు పోవలసి వస్తే, ఆ ఖర్చెవరిది?

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఈ ఒక్క ప్రశ్న మీద భయపడే రెండెకరాలు ఇడిచిపెట్టిండు. అప్పిచ్చినాయన పేరు మనకు అవసరం లేదు. ఆయన అన్న మాట అవసరం. "కోర్టుకు పోతే పో. నా వకీలు ఫీజు కూడా నీ బాకీలనే కలుస్తది. అప్పుడు భూమీ పోతది, ఇల్లూ పోతది" అన్నడు. పెద్దాయన ఒక్క రోజు కూడా కోర్టు మెట్లెక్కలేదు. చూపించిన కాగితం మీద వేలిముద్ర వేసి ఇంటికొచ్చిండు.

ఆ మాట పూర్తిగా అబద్ధమైతే నాకు ఇంతసేపు మాట్లాడే పని లేదు. అండ్ల సగం నిజమున్నది. అందుకే అది పనిచేస్తది. నిజమున్న సగమేదో, లేని సగమేదో విడదీసి చూడాలె.

ముందు మామూలు కేసు సంగతి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 35వ సెక్షన్ ఉన్నది. దావా ఖర్చులు ఎవరు కట్టాలె, ఎంత కట్టాలె అని చెప్పే అధికారం కోర్టుది. మామూలుగా ఓడినాయన గెలిచినాయనకు కట్టాలె. అట్ల కాకుండా వేరే తీరుగ తీర్పు ఇస్తే, ఎందుకిచ్చిండో జడ్జి రాతపూర్వకంగ కారణం చెప్పాలె. ఇంతవరకు న్యాయంగనే ఉన్నది కదా?

కుదువ కేసు దగ్గరికొస్తే లెక్క మారుతది. కుదువ దావాలకు అదే కోడ్‌లో 34వ ఆర్డర్ అని వేరే అధ్యాయమున్నది. భూమి అమ్మించి నా బాకీ ఇప్పించండి అని అప్పిచ్చినాయన దావా వేసినా, నా భూమి విడిపించండి అని మనమే వేసినా, కోర్టు మొదట ప్రిలిమినరీ డిక్రీ ఇస్తది. బాకీ ఎంతో ఆ డిక్రీల తేలుస్తరు. అసలు, మిత్తి, అప్పిచ్చినాయనకు కోర్టు ఇప్పించిన దావా ఖర్చు, ఆ భూమి విషయంల ఆయన సక్రమంగ పెట్టిన ఇతర ఖర్చులు, అన్నీ కలిపి ఒకటే అంకె. ఆ అంకె కడితేనే భూమి బయటికొస్తది. డిక్రీ తర్వాత పెట్టిన ఖర్చులు కూడా కలపాలని 10వ రూలు చెప్తది.

తేడా ఎక్కడున్నదో చూసిన్రా? మామూలు కేసుల ఓడితే ఆ ఖర్చు మన మీద ఒక బాకీ. కుదువ కేసుల అది నేరుగా భూమి మీద పోయి కూసుంటది. అంతకన్న ముఖ్యం, విడిపించమని మనం పోయిన కేసుల కూడా, మనమే గెలిచి భూమి తెచ్చుకునే కేసుల కూడా, అవతలాయన ఖర్చు మనం కట్టే పరిస్థితి రావచ్చు. "గెలిచినోళ్లం కదా, మేమెందుకు కట్టాలె" అని అడిగితే జవాబు లేదు. అప్పిచ్చినాయన బెదిరింపుల ఉన్న నిజం ఇదే.

ఈ ఆలోచన ఈ నేల మీద పుట్టింది కాదు. ఇంగ్లాండు ఈక్విటీ కోర్టుల నుంచి వచ్చింది. గడువు దాటినా భూమి విడిపించుకోనిచ్చుడు అప్పు తీసుకున్నోనికి కోర్టు చూపించే దయ, అందుకని దాని ఖర్చు కూడా వాడే పెట్టుకోవాలె అని వాళ్ల లెక్క. తెల్లోళ్లు పోయిన్రు, లెక్క ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ నడుస్తున్నది. దాని 60వ సెక్షన్ ప్రకారం బాకీ మొత్తం కట్టినంక భూమిని తిరిగి మన పేర రాయించుకునే కాగితం ఖర్చు కూడా మనదే. 72వ సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు పోతది. మన భూమి మీద మూడో మనిషి ఎవడన్న హక్కు చెప్తే, మన పట్టా నిలబెట్టడానికి అప్పిచ్చినాయన పెట్టిన ఖర్చును అసలుకు కలుపుకోవచ్చు. మనతోనే కొట్లాడి తన కుదువ హక్కు నిలబెట్టుకోవడానికి పెట్టిన ఖర్చు కూడా అందులోనే చేర్చిన్రు. కలిపిన దాని మీద కుదువ మిత్తి నడుస్తది. మిత్తి ఎంతో రాసుకోకపోతే నూటికి ఏడాదికి 9 రూపాయలు.

ఇగ లేని సగం సంగతి చెప్త. ఇక్కడి నుంచి రాసుకునేటోళ్లు రాసుకోండి.

నేను చెప్పిన 10వ రూలులోనే ఇంకో మాట ఉన్నది. అప్పిచ్చినాయన నడవడిక సక్కగ లేకపోతే దావా ఖర్చు ఆయనకు ఇయ్యనవసరం లేదు. దాని కింద ఒక మినహాయింపు ఉన్నది, మనకు అసలైన ఆయుధం అదే. దావా వేయకముందు గానీ, వేసే సమయానికి గానీ, బాకీ మొత్తాన్ని మనం ఇయ్యజూపినా, కోర్టుల జమ చేసినా, దావా ఖర్చు మన మీద వేయొద్దు. అంతే కాదు, మన ఖర్చే ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు మనకు వస్తది. వేరే తీరుగ చెయ్యాలంటే జడ్జి కారణాలు రాయాలె. ఇచ్చిన పైసలు కొంచెం తక్కువైనా, బాగా తక్కువ కాదు అని కోర్టు అనుకుంటే ఈ రక్షణ ఉంటది.

అంటే ఖర్చు ఎవరి మీద పడాలె అన్నది చానాసార్లు కోర్టు హాలుల తేలేది కాదు. దావా పడకముందు, మనం పైసలు పట్టుకొని ఆయన గడప ఎక్కిన రోజే తేలుతది. ఆ రోజుకు సాక్ష్యం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊరికే అనుకున్న లెక్క, ఎవరిదీ కాదు. ఒక తమ్ముడు దుబాయి వీసా కోసం రెండెకరాలు రిజిస్టర్ కాగితం మీద కుదువ పెట్టి 3 లక్షలు తెచ్చిండు. మిత్తి నూటికి నెలకు 2 రూపాయలు. అంటే నెలకు 6,000, ఏడాదికి 72,000. భూమి దున్నుకునేది తమ్ముని ఇంటోళ్లే. ఏడాది గడువు అయిపోయింది, బాకీ 3,72,000. తమ్ముడు పైసలు పంపిండు, నాయిన పట్టుకపోయిండు. అవతలాయన, మిత్తి మీద మిత్తి అయింది, 5 లక్షలు తే అంటున్నడు. కాగితంల చక్రవడ్డీ మాట లేదు.

ఇక్కడ మనోళ్లు రెండు తీర్ల నష్టపోతరు. ఒకటి, పైసలు వాపసు పట్టుకొచ్చి ఇంట్ల పెడతరు. నెల గడిచేసరికి సగం ఖర్చయితయి, మిత్తి మాత్రం నడుస్తనే ఉంటది. రెండోది, కోపంల "నీ ఇష్టమొచ్చింది చేసుకో" అని వచ్చేస్తరు. రెండేళ్లకు ఆయన దావా వేస్తడు, వకీలు ఖర్చు బాకీ మీద ఎక్కిస్తడు. కోర్టుల మనం "మేమప్పుడే ఇయ్యబోయినం" అంటం. సాక్ష్యమేది అని అడిగితే ఒకరి మొఖం ఒకరు చూస్తం.

చెయ్యాల్సింది వేరే. ఆస్తి బదిలీ చట్టం 83వ సెక్షన్ ఇట్లాంటి రోజు కోసమే ఉన్నది. గడువు వచ్చినంక, దావా వేసే అవసరం లేకుండనే, బాకీ పైసలను కోర్టుల జమ చెయ్యొచ్చు. విడిపించమని దావా వేయడానికి ఏ కోర్టుకు పోతమో ఆ కోర్టులనే. కోర్టు అవతలాయనకు నోటీసు పంపుతది, వచ్చి పైసలు తీసుకో, కాగితాలు ఇయ్యి అని. 84వ సెక్షన్ ప్రకారం, సరిపోయే మొత్తం ఇయ్యజూపిన రోజు నుంచి మిత్తి ఆగుతది. కోర్టుల జమ చేస్తే, ఆయన తీసుకునేందుకు మన వైపు నుంచి చెయ్యాల్సిందంతా చేసి, నోటీసు అందినప్పటి నుంచి ఆగుతది. మిత్తి ఆగుడు ఒక లాభం. ఖర్చు అవతలి దిక్కు మళ్లుడు రెండో లాభం.

3,72,000 లెక్క మనది. కోర్టు రేపు 3,80,000 అని తేల్చొచ్చు. 8,000 తక్కువైనందుకు రక్షణ పోతదా అంటే, అది బాగా తక్కువనా కాదా అని జడ్జి చూస్తడు. ఆ జూదం మనకెందుకు? నాలుగు వేలో, పది వేలో ఎక్కువ కలిపి జమ చెయ్యండి. ఎక్కువైంది తర్వాత అడిగి తెచ్చుకోవచ్చు.

కోర్టు దాకా పోకముందు ఇయ్యజూపేటప్పుడు కూడా నలుగురిలో ఇయ్యజూపండి. ఇద్దరు సాక్షులు, వకీలు నోటీసు, పోస్టు రసీదు. ఫోన్ పే ద్వారా పంపితే దాని రికార్డు. "రేపు రా" అని ఆయన మెసేజ్ పెడితే ఆ మెసేజ్ తీసెయ్యకండి. "సగం ఇప్పుడు తీసుకో, సగం పంట మీద ఇస్త" అంటే అది ఇయ్యజూపినట్టు కాదు. మొత్తం ఉండాలె, షరతు ఉండొద్దు.

కొందరి భూమి అప్పిచ్చినాయనే దున్నుకుంటడు, అండ్ల పంట ఆయనదే. స్వాధీన కుదువ అంటం. అక్కడ లెక్క ఇంకో తీరు. 76వ సెక్షన్ ప్రకారం, భూమి చేతుల పెట్టుకున్నాయన రాబడి, ఖర్చుల లెక్క సరిగ్గ రాసి పెట్టాలె. ఖర్చులు పోను మిగిలింది మిత్తికి, ఆ తర్వాత అసలుకు జమ వేయాలె. పంటంతా మిత్తి కింద చెల్లు అని కాగితంల రాసుకుంటే మాత్రం ఈ లెక్క అడగలేం. రాసుకోకపోతే అడగండి. ఎనిమిదేండ్లు పసుపు, మక్కలు తీసుకున్నాయన ఒక్క పేజీ లెక్క చూపించలేకపోతే, అది కూడా ఆయన నడవడిక కిందికి వస్తదని ఖర్చుల దగ్గర వాదించొచ్చు. ఇంకొక మాట. స్వాధీన కుదువ పెట్టి 30 ఏండ్లు దాటింది కాబట్టి భూమి నాదే అయింది అని ఎవరన్న అంటే నమ్మకండి. 2014ల సింగ్ రామ్ వర్సెస్ శివరామ్ కేసుల సుప్రీంకోర్టు ఇది తేల్చింది. స్వాధీన కుదువల కాలం కుదువ పెట్టిన రోజు నుంచి లెక్కకు రాదు. తాతల నాటి కుదువలున్న గూడేలకు ఇది పెద్ద మాట.

ఇగ అసలు ఖర్చు. కోర్టు ఇప్పించే ఖర్చు వేరు, మన జేబుల నుంచి పోయే ఖర్చు వేరు. డిక్రీ వెనుక ఒక పట్టిక ఉంటది. స్టాంపు ఫీజు, సమన్ల ఖర్చు, సాక్షుల బత్తా, రూల్స్ ప్రకారం లెక్కగట్టిన వకీలు ఫీజు. మనం వకీలుకు నిజంగ ఇచ్చిందంతా అండ్ల రాదు. మెట్‌పల్లి పోయిన ప్రతి వాయిదాకు పోయిన కూలి, బస్సు కిరాయి, హోటల్ అన్నం ఆ పట్టికల వెతికినా దొరకవు. సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసుల 2005ల సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకోండి అని కోర్టులు తీర్పులియ్యడం వల్ల ఉత్త కేసులు పెరుగుతున్నయని, గెలిచినోళ్ల టైము, ప్రయాణం కూడా లెక్కలకు రావాలని అన్నది. 2011ల సంజీవ్ కుమార్ జైన్ కేసుల అదే కోర్టు, ఇప్పుడున్న రూల్స్‌ల అసలు ఖర్చు మొత్తం ఇప్పించే వీలు లేదు, రూల్స్ మార్చాలె అన్నది. దొంగ కేసు వేసినోని మీద వేసే 35ఏ సెక్షన్ పరిహారం ఇప్పటికీ 3,000 రూపాయలు దాటదు. మూడు వేలు! పైసలున్నోనికి అది ఒక రోజు పెట్రోలు ఖర్చు.

కానీ దీంట్ల మనకు పనికొచ్చే సంగతి కూడా ఉన్నది. "నా వకీలు రెండు లక్షలు తీసుకున్నడు, అవన్నీ నీ మీద వేస్త" అని ఎవరన్న అంటే, అంత రాదు. పట్టిక ప్రకారమే వస్తది, అదీ కోర్టు ఇప్పిస్తేనే. మా పెద్దాయన వేలిముద్ర వేసేముందు ఈ ఒక్క మాట ఎవరన్న చెవుల వేసుంటే బాగుండు.

ఇప్పటిదాక చెప్పిందంతా కుదువ చెల్లుతది అనుకొని చెప్పిన. అసలు చెల్లుతదా అన్నది ముందు చూడాలె.

గోదారి దాటి ఉట్నూరు దిక్కు పోతే అక్కడ 1/70 ఉన్నది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ తెలంగాణకు 1963 డిసెంబర్ నుంచి వచ్చింది, 1970ల దాన్ని గట్టి చేసిన్రు. అండ్ల బదలాయింపు అంటే అమ్ముడు ఒక్కటే కాదు, కుదువ కూడా బదలాయింపే. ఆదివాసి భూమిని గిరిజనేతరునికి కుదువ పెడితే ఆ కుదువ చెల్లదు. చెల్లని కుదువకు విడిపించుకునే ఖర్చేంది? కేసు కూడా మామూలు సివిల్ కోర్టుల కాదు, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తది. బ్యాంకులకు, సొసైటీలకు వేరే మినహాయింపు ఉన్నది. భూమి మన చేతులనే ఉంచుకొని కుదువ పెట్టొచ్చు. కట్టకపోతే ఆ భూమిని గిరిజనులకే అమ్మాలె.

మన ఇబ్రహీంపట్నం నది ఇవతల ఉన్నది. 1950ల షెడ్యూల్డ్ ఏరియాలు ప్రకటించినప్పుడు తెలంగాణల ఆదిలాబాద్, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాంతాలనే తీసుకున్నరు. కరీంనగర్ జిల్లా ఆ పట్టికల లేదు. అదే ఆదివాసి, అదే అప్పు, అదే తీరు కాగితం. నది ఆ ఒడ్డున ఆ కాగితానికి విలువ లేదు, ఈ ఒడ్డున దాని మీద వకీలు ఖర్చు కూడా ఎక్కుతది. మా దిక్కు నాయకపోడు గూడేల సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. మన ఊళ్లను అయిదో షెడ్యూల్‌ల చేర్చాలె అంటే చానామందికి అది పదవుల కొట్లాట తీరుగ కనిపిస్తది. నాకు మాత్రం అది మొదట ఇంటింటి బాకీ లెక్క.

అయినా ఇవతలి ఒడ్డున కూడా రెండు తీర్ల భూములకు రక్షణ ఉన్నది. మీ భూమి లావణి పట్టానా చూడండి. సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 నాటి 9వ నంబరు చట్టం కింద ప్రైవేటు మనిషికి కుదువ పెట్టినా చెల్లదు. బ్యాంకు, సొసైటీ కుదువలకే మినహాయింపు. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలె, సివిల్ కోర్టు స్టాంపు ఫీజు గొడవ లేదు. రెండోది పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు పిల్లలకు వస్తది గానీ ఎవరికీ బదలాయించే వీలు లేదు. పోడు పట్టా కాగితం ఎవరి బీరువాలనన్న కుదువ ఉంటే అది తాళం వేసిన ఉత్త కాగితమే. కానీ ఒక మాట సాఫుగ చెప్త. భూమి మనదే అంటే తీసుకున్న పైసలు ఇయ్యనవసరం లేదని కాదు. అప్పుగ వాటిని అడిగే దారి ఆయనకు వేరే ఉండొచ్చు. భూమి జోలికి రాలేడు, అంతే.

రిజిస్ట్రేషన్ కూడా చూడండి. 100 రూపాయలు, ఆపైన అప్పుకు భూమి కుదువ పెడితే ఆ కాగితం రిజిస్టర్ కావాలె. పట్టా కాగితాలు అప్పగించి పెట్టే కుదువ తీరు వేరే. మన దగ్గర చానా కుదువలు తెల్ల కాగితం మీదనో, స్టాంపు పేపర్ మీదనో నడుస్తయి. ఇంకొందరు తెలివిగ అమ్మకం కాగితమే రాయించుకుంటరు, "బాకీ కట్టినంక తిరిగి నీ పేర చేస్త" అని నోటి మాట చెప్తరు. ఇది అన్నిటికన్న ప్రమాదం. తిరిగిచ్చే షరతు ఆ అమ్మకం కాగితంలనే లేకపోతే దాన్ని కుదువ అనేందుకు లేదని 1929ల చట్టాన్ని మార్చిన్రు. కుదువ కాకపోతే నేను చెప్పిన 34వ ఆర్డర్, జమ, ఖర్చుల రక్షణ ఏదీ మనకు రాదు. ఇప్పటికే అట్ల రాసిచ్చినోళ్లు పూర్తిగ ఆశ వదులుకోవద్దు. ఆ కాగితం అసలు అమ్మకమే కాదు, ఉత్తుత్తిది అని నిరూపించడానికి నోటి సాక్ష్యం చెప్పనిస్తమని 1982ల గంగాబాయి కేసుల సుప్రీంకోర్టు అన్నది. దారి ఉన్నది, ఇరుకైన దారి. కొత్తగ రాసేటోళ్లు మాత్రం ఆ కాగితం మీద వేలు పెట్టకండి.

బ్యాంకుల సంగతి తొందరగ చెప్త. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాక వ్యవసాయ లోనుకు భూమి కుదువ అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. అడిగితే ఆ మాట గుర్తు చెయ్యండి. కోర్టుకు పోకుండనే ఆస్తి గుంజుకునే 2002 సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఇల్లు కుదువ పెడితే వర్తిస్తది. అప్పుడు నోటీసు నుంచి వేలం దాక బ్యాంకు పెట్టిన ఖర్చు మన మీదనే పడ్తది. బ్యాంకు రూల్ తప్పి ఇల్లు స్వాధీనం చేసుకుంటే మాత్రం మనకు పరిహారం, ఖర్చులు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది. లోను ఖాతాల "లీగల్ చార్జీలు" అని ఒక లైను కనిపిస్తే, దేనికి, ఎప్పుడు, ఎంత అని రాతపూర్వకంగ అడగండి. ఇంటి లోను లాంటి వ్యక్తిగత లోన్లయితే, మొత్తం కట్టిన 30 రోజుల్ల కాగితాలు వాపసు ఇయ్యాలె. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మనకే కట్టాలె. ఇది 2023 డిసెంబర్ నుంచి ఉన్న నియమం.

మరి మన వకీలుకు పైసలెక్కడివి? 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఉచిత న్యాయ సాయం హక్కు. ఆదాయం ఎంత అని అడిగే పని లేదు. వకీలు, కోర్టు ఫీజు, కాగితాలు రాయించుడు అన్నీ దాంట్లనే వస్తయి. ఫోన్ నంబరు 15100. ఇది దయ కాదు, చట్టం. అయితే ఆ సాయం మన వైపు ఖర్చుకు. ఓడితే అవతలి వైపు ఖర్చు సంగతేంది అన్న ప్రశ్న మిగిలే ఉంటది. దాన్ని లీగల్ ఎయిడ్ వకీలును మొదటి రోజే అడగండి. లోక్ అదాలత్‌ల రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తది. కానీ అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. అందుకని "ఎవరి ఖర్చు వాళ్లదే" అనో, "ఖర్చులు అప్పిచ్చినాయనవే" అనో రాజీ కాగితంల రాసి ఉన్నదా అని చదివించుకొని అప్పుడు సంతకం పెట్టండి.

కూడికల ఒక చెల్లె అడిగింది. "మా నాయిన కుదువ కాగితంల, తకరారు వస్తే కోర్టు ఖర్చులన్నీ నేనే భరిస్త అని రాసి సంతకం పెట్టిండు. ఇగ అయిపోయినట్టేనా?" అని.

కాలేదు చెల్లె. అట్ల రాసుకున్నంత మాత్రాన కోర్టు చేతులు కట్టేసినట్టు కాదు. ఆ ఖర్చు సక్రమంగ పెట్టిందేనా, అప్పిచ్చినాయన నడవడిక ఎట్లున్నది, మీ నాయిన ముందే పైసలు ఇయ్యజూపిండా అని కోర్టు చూస్తది. ముందు ఆ కాగితం రిజిస్టర్ అయిందో లేదో, భూమి లావణిదో సొంత పట్టాదో చూడాలె. ఆ కాగితం, పాస్‌బుక్కు, ఇప్పటిదాక కట్టిన పైసల రసీదులు, ఫోన్ల ఉన్న మెసేజులు అన్నీ ఒక కవర్ల పెట్టు. మీ నాయినను తోలుకొని రా, మెట్‌పల్లి లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు కలిసే పోదాం. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్స్ రెండు కాపీలు తెచ్చుకో.